మా నాయన చెయ్యి

మా నాయన హోంగార్డు. 1992 నుంచి 2018 దాకా, ఇరవయ్యారేళ్ళు, మా ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌన్లో నాలుగురోడ్ల సెంటర్లో నిలబడ్డాడు. పోలీసంటే పోలీసు కాదు, కాదంటే కాకుండానూ పోడు. అదే ఖాకీ, అదే ఈల, అదే ఎండ. భుజం మీద ఇత్తడి అక్షరాలు చదవగలిగినోళ్ళకే తేడా తెలిసేది. పోలీసుకి నెలజీతం. హోంగార్డుకి డ్యూటీ చేసిన రోజుకే డబ్బులు. జరమొచ్చి మంచాన పడితే ఆ రోజు లేదు. మా తాత పెద్దకులపోళ్ళ ఇంట్లో ఏడాది జీతానికి పాలేరుగా ఉన్నాడు. మా నాయన సర్కారు దగ్గర రోజుకూలికి ఉన్నాడు. మా పల్లెలో దీన్ని ఎదుగుదల అన్నారు. నేనూ అంటాను. ఆయన చదివిన తొమ్మిదో తరగతి, ఆయన నిలబడ్డ ఆ సెంటరు లేకపోతే నా డిగ్రీ లేదు, బీఈడీ లేదు, ఈ పంతులుద్యోగమూ లేదు.

మా నాయనమ్మకి మాత్రం ఆ ఉద్యోగం గిట్టలేదు. ముందటేడే, 1991 ఆగస్టు 6న, చుండూరులో పోలీసు పికెట్ ఉండగానే ఎనిమిదిమంది మనోళ్ళని చంపారు. "ఆ బట్టలేసుకోని నా గడపలోకి రాబాక" అన్నదంట ముసల్ది. నాయన కొన్నాళ్ళు టౌన్లోనే లుంగీ మార్చుకుని, ఖాకీ బట్టలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. తర్వాత తర్వాత ఆమే వాటిని ఉతికి గంజి పెట్టింది. గంజి పెట్టేటప్పుడు కూడా తిడతానే ఉండేది.

ట్రాఫిక్ డ్యూటీకి ఒక భాష ఉంది. నోటితో పనిలేని భాష. ఎదురుగా వచ్చే బండిని ఆపాలంటే కుడిచెయ్యి పైకెత్తి అరచెయ్యి ముందుకి తిప్పాలి. వెనకనుంచి వచ్చేదాన్ని ఆపాలంటే ఎడమచెయ్యి పక్కకి బారచాపాలి. ముందూ వెనకా రెండూ ఆగాలంటే రెండు చేతులూ ఒకేసారి లేవాలి. పొమ్మనేటప్పుడు ఏ పక్క బండ్లని వదులుతున్నామో ఆ పక్కకి మొహం తిప్పి, డ్రైవర్ కళ్ళల్లోకి చూసి, ఆ తర్వాతే మోచెయ్యి మడిచి పిలవాలి. "చెయ్యి కంటే ముందు కన్ను పోవాలిరా. చూడకుండా చెయ్యూపితే ఎవుడు కదుల్తాడో తెలవదు" అనేవాడు. సగం ఎత్తి దించటం ఆయనకి అస్సలు పనికిరాదు. ఎత్తితే బండి ఆగేదాకా ఎత్తే ఉంచాలి. మా పల్లె పిల్లలందరికీ ఈ సైగలు వచ్చు. వేపచెట్టు కింద ఒకడు నిలబడితే మిగిలినోళ్ళం పాత సైకిల్ టైర్లు కర్రతో కొట్టుకుంటూ నాలుగు పక్కల నుంచీ వచ్చేవాళ్ళం.

కళ్ళల్లోకి చూడమనే ఆ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. మా తాత ఆసామి కళ్ళల్లోకి చూసి ఎరగడు. పెద్దబజారులో సైకిలు ఎక్కి ఎరగడు. బజారు మొదట్లో దిగి, చెప్పులు చేత పట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ చివరిదాకా పోయి అక్కడ ఎక్కేవాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ తెచ్చి 2016 జనవరి 26 నుంచి అమల్లో పెట్టారు. అందులో సైకిలు, మోటారుసైకిలు ఎక్కనీకపోవటం, చెప్పులేసుకోనీకపోవటం, కొత్తబట్టలు కట్టుకోనీకపోవటం, పెళ్ళి ఊరేగింపు తియ్యనీకపోవటం నేరాలని రాసుంది. చదువుతుంటే పార్లమెంటులో ఎవరో మా తాత బతుకు చూసొచ్చి రాశారా అనిపించింది. మా ఊళ్ళో ఒక్కో దాన్నీ ఒక్కో తరం లాక్కున్న తర్వాత వచ్చింది ఆ చట్టం. వచ్చినందుకు సంతోషమే.

అట్టాంటి తాత కొడుకు నాలుగురోడ్ల మధ్య నిలబడి చెయ్యెత్తితే లారీ ఆగేది, బస్సు ఆగేది, జీపు ఆగేది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాఫిక్ నడిపే పోలీసు చెప్పినట్టు ప్రతి డ్రైవరూ వినాలి. డ్యూటీలో ఉన్నంతసేపు హోంగార్డుకీ పోలీసు అధికారమే. కులం అడిగే కాలం ఆ చట్టంలో లేదు. రోడ్డు మీద మాత్రం ఉంది. 1999లో ఒకరోజు మా ఊరి ఆసామి కొడుకు జీపులో వచ్చాడు. నాయన చెయ్యెత్తాడు. అటుపక్క నుంచి బడిపిల్లల రిక్షాలు దాటుతున్నాయి. జీపతను హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తర్వాత తల బయటపెట్టి, "ఏరా, కళ్ళు కనపడటంలా? ఎవుడికి అడ్డం పెడతన్నావ్ చెయ్యి?" అన్నాడు. నాయన రిక్షాలన్నీ దాటిందాకా చెయ్యి దించలేదు. దాటినాక అతని కళ్ళల్లోకి చూసి, మోచెయ్యి మడిచి, రమ్మన్నాడు. సెంటర్లో సోడాబండి దగ్గరున్న మా చినాయన చూసొచ్చి చెప్పాడు ఇదంతా. నాయన చెప్పలేదు.

సాయంత్రం స్టేషన్ నుంచి కబురొచ్చింది. మర్నాటి నుంచి ఆయన డ్యూటీ సెంటర్లో కాదు, ఒక ఆఫీసరు ఇంట్లో. కూరగాయలు తేవాలి, గ్యాసుబండ మొయ్యాలి, పిల్లల్ని బడికి దింపాలి. రోజుకూలి మాత్రం ట్రాఫిక్ పద్దులోనే పడేది. అట్టా నాలుగు నెలలు. మా అమ్మ అప్పుడన్న మాట: "మీ తాత పాలేరుతనం వదల్లేదురా, ఖాకీ తొడుక్కోనొచ్చింది." నాలుగు నెలల తర్వాత సెంటర్లో రెండు యాక్సిడెంట్లయితే మళ్ళీ నాయన్నే పిలిచి నిలబెట్టారు.

కాన్వాయ్ డ్యూటీ వేరు. ముందురోజు రాత్రే పేర్లు చదివి, ఎవరు ఏ సందుమొగలో నిలబడాలో చెబుతారు. మంత్రి పదింటికి వస్తాడంటే హోంగార్డు తెల్లారుజామున ఐదింటికల్లా అక్కడుండాలి. ముందు దారి చూసే బండి ఒకటి పోతది. కాసేపటికి పైలట్ బండి, ఆ వెనక మంత్రి కారు, దాన్ని కాచుకుంటూ ఎస్కార్ట్, ఆఫీసర్ల కార్లు, చివర్న అంబులెన్సు. వైర్‌లెస్ సెట్లో "బయల్దేరారు" అని వినపడగానే సందులన్నిటికీ తాళ్ళు కడతారు. కాపలా ఉన్నవాడు కాన్వాయ్ వంక చూడకూడదు. వీపు కాన్వాయ్ వైపు, మొహం జనం వైపు. రాయి వచ్చినా మనిషి ఉరికొచ్చినా జనంలోంచే కదా రావాలి! ఇరవయ్యారేళ్ళలో ఎంతమంది ముఖ్యమంత్రుల్ని ఆ సెంటరు దాటించాడో, ఒక్కళ్ళ మొహం కూడా చూడలేదు మా నాయన. టైర్ల చప్పుడు విని ఎన్ని కార్లు పోయినయ్యో లెక్క చెప్పేవాడు. ఆ తాడు అవతల ఆగిపోయినోళ్ళు ఎవరంటే, మిరపకాయలు కొయ్యటానికి పోయే కూలీల ఆటోలు, పెద్దాసుపత్రికి పోయే ముసలోళ్ళు, పరీక్షకి పోయే నాబోటి పిల్లలు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశారు. బుగ్గ పోయింది గానీ తాడు పోలేదు.

బీఈడీ హాస్టల్లో ఉండగా అంబేద్కర్ రాసిన తన బతుకు ముక్కలు చదివాను. 1929లో ఆయన చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే మహర్‌వాడకి తీసుకుపోవటానికి ఒక్క టాంగావాడు ముందుకు రాలేదు. అంటరానోణ్ణి కూర్చోబెట్టుకుని తోలితే పరువు తక్కువ. చివరికి టాంగా అద్దెకిస్తాం, తోలేవాణ్ణి మీరే చూసుకోండి అన్నారు. మహర్లలో ఒకాయన ఎక్కాడు. ఆయనెప్పుడూ టాంగా తోలినవాడు కాదు. స్టేషన్ నుంచి కాస్త దూరం పోయేసరికే మోటారుకారుకి గుద్దబోయింది. అక్కడున్న పోలీసు గట్టిగా కేకేస్తే కారతను వెనక్కి లాగాడు. తర్వాత కల్వర్టు మీద గుర్రం బెదిరి బాబాసాహెబ్ కిందపడ్డాడు, కాలు విరిగింది. సభల్లో అందరూ ఆ విరిగిన కాలు గురించి చెబుతారు. నాకు ఆ కేకేసిన పోలీసు మీదకి పోతది మనసు. పేరు తెలవదు, కులం తెలవదు. టాంగాలో ఉన్నది ఎవరో అతనికీ తెలిసుండదు. బండికి బండి అడ్డం వస్తంది, అంతే. రోడ్డు మీద పోలీసు చెయ్యాల్సిన పని అదే.

ఇక 2010 ఏప్రిల్ 14 సంగతి. ముందటేడు వినాయకుడి నిమజ్జనానికి మెయిన్ బజారంతా రాత్రి రెండింటిదాకా మూసేశారు. బస్సుల్ని బైపాస్ మీదకి మళ్ళించారు. ముందొక పోలీసు జీపు, వెనకొక జీపు, మధ్యలో ఇరవైకి పైగా ట్రాక్టర్లు. నాయన ఆ రాత్రంతా అక్కడే ఉన్నాడు. మేం జయంతి ఊరేగింపు పల్లె నుంచి అదే మెయిన్ బజారు మీదుగా సెంటర్లో ఉన్న విగ్రహం దాకా తీస్తామని దరఖాస్తు పెట్టాం. నేను అప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరం. దరఖాస్తు రాసింది నేనే. జవాబు ఏమంటే, ట్రాఫిక్‌కి ఇబ్బంది, కాలవకట్ట మీదుగా పొండి. కాలవకట్ట మీద పందులు తిరుగుతాయి, దుకాణాలుండవు, చూసేవాడుండడు. బాబాసాహెబ్‌ని కూడా దొడ్డిదోవన తీసుకుపొమ్మని చెప్పటమే కదా అది.

మేం మెయిన్ బజారుకే పోయాం. నాలుగొందల మందిమి. డప్పులు ముందు, ఆడోళ్ళు నీలం చీరల్లో మధ్యన. బజారు మొగలో నాయన నిలబడున్నాడు. మావైపు మొహం పెట్టి కుడిచెయ్యెత్తాడు. డప్పులు ఆగిపోయినయ్యి. కుర్రోళ్ళు కొందరు "పోలీసుల కుక్క" అన్నారు. ఒకడు చెప్పు చూపించాడు. నాయన కదల్లేదు. ఆ వెనకే ఆఫీసరు జీపు దిగాడు. మా పెద్దోళ్ళు, దళిత సంఘం వాళ్ళు మాట్లాడారు. నిమజ్జనం రాత్రి సంగతి అడిగారు. నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాం. ఆఖరికి, గంటలో ముగించాలి, డప్పు తగ్గించాలి అని వదిలారు. అప్పుడు నాయన వెనక్కి తిరిగి ముందూ వెనకా చేతులు చాపి బజారులో బండ్లన్నిటినీ ఆపాడు. మమ్మల్ని రమ్మన్నాడు. విగ్రహం దాకా ఊరేగింపు ముందు నడిచింది ఆయనే. ఎస్కార్ట్ జీపు ఇవ్వలేదు మాకు. ఎస్కార్ట్ మా నాయనే.

ఆ రాత్రి అమ్మ అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. నేనే అడిగాను, మమ్మల్ని ఎందుకాపావని. "రెండు ఇసకలారీలు దిగుతన్నయ్యిరా పల్లంలోకి. మీకు బ్రేకులున్నయ్యా? ముందు మిమ్మల్ని ఆపాల, తర్వాత లారీలు" అన్నాడు. మరి ఆఫీసరు చెప్పలేదా అంటే, "చెప్పాడు. ఆయన చెప్పింది ఆయన కోసం" అని చెయ్యి కడుక్కున్నాడు. లారీలు వచ్చిన మాట నిజమే, నేనూ చూశాను. ఆర్డరు ఉన్న మాటా నిజమే. మా పల్లెలో ఈనాటికీ దీని మీద రెండు మాటలున్నాయి. నన్నడిగితే ఆ చెయ్యి ఎత్తించింది ఆర్డరే. దాన్ని అట్టా నిలకడగా నిలిపింది, మళ్ళీ బజారు మీదకి తిప్పింది మాత్రం ఆయనే.

ఊరేగింపులకి దారి, టైము నిర్ణయించే అధికారం పోలీసుకి 1861 పోలీసు చట్టం ముప్పయ్యో సెక్షన్ ఇచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లోడు రాసుకున్న చట్టం. రోడ్డు మీద గుమిగూడటాన్ని క్రమపరచొచ్చు గానీ అసలుకే లేదనటం కుదరదని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల్లో జనం చచ్చిపోయాక 2023 జనవరి 2న రాష్ట్రప్రభుత్వం రోడ్ల మీద సభలు పెట్టొద్దని జీవో 1 తెచ్చింది. మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. పెద్దపార్టీలోళ్ళకి ఆ నాలుగు నెలలు కొత్త. మా పల్లెకి ఆ జీవో ఎప్పుడూ అమల్లోనే ఉంది, నంబరు లేకుండా. 2018లో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత పెళ్ళికొడుకు ఊరేగింపు కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాడు. చివరికి ఆఫీసర్లు మ్యాపు గీసిన దారిలో వందమందికి పైగా పోలీసుల కాపలాలో పోయింది ఆ పెళ్ళి. మంత్రికి ఎస్కార్ట్ అంటే హోదా. మనకి ఎస్కార్ట్ అంటే ప్రాణభయం.

డిసెంబరు 6 హోంగార్డుల దినం. 1946లో బొంబాయిలో ఆ దళం పుట్టిన రోజు. అదే తారీకున 1956లో బాబాసాహెబ్ పోయాడు. ప్రతి ఏడూ ఆ పొద్దున నాయన జిల్లా పరేడ్ గ్రౌండులో కవాతు చేసి, ఎండెక్కినాక యూనిఫారంతోనే విగ్రహం దగ్గరికొచ్చి, టోపీ చంకలో పెట్టుకుని దండ వేసేవాడు. హోంగార్డుల రోజుకూలి పోలీసుల కనీస జీతంతో సమానంగా లెక్కకట్టాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది, పర్మినెంటు మాత్రం కాదంది. 2018లో కాలినరాలు ఉబ్బి నిలబడలేక నాయన మానుకున్నాడు. పింఛను లేదు. ఇప్పుడు మంచం మీద కూర్చున్నా కాళ్ళ కింద దిండు ఉండాల.

ఈ ఏడు జయంతికి కూడా దరఖాస్తు నేనే రాశాను. సంతకాలు కమిటీ వాళ్ళవి, నేను గవర్నమెంటు పంతుల్ని కదా. నాయన చదివించుకుని విన్నాడు. లారీలు బజారులోకి దిగే టైము తప్పించి సాయంత్రం నాలుగు తర్వాత అని మార్చమన్నాడు. మార్చాను. ఏ దారి అన్నచోట మెయిన్ బజారు అనే రాశాను.