మూడో గేరులో కోనసీమ

బైకు మీద షికారంటే మనవాళ్ళకి అరకు ఘాటు, లంబసింగి, మరీ ముదిరితే లడాఖ్. డెల్టాలో ఏముందండీ, బల్లపరుపు నేల, అని తీసిపారేస్తారు. మలుపుల్లేని చోట బండి నడపడంలో రుచేముందని వాళ్ళ వాదన. అలాంటివాళ్ళు మా వైపు హైవే దిగి చూసి ఉండరు. మా మలుపులు కొండలిచ్చినవి కావు, కాలవలిచ్చినవి. కాలవ ఎప్పుడూ నేల మెరకగా ఉన్న చోటు వెతుక్కుంటూ పోతుంది. అలా పోతేనే రెండు పక్కలా ఉన్న చేలకి నీళ్ళు పల్లానికి దిగుతాయి. తవ్విన మట్టి గట్టయింది, గట్టు రోడ్డయింది. కాలవ ఎటు ఒంగితే రోడ్డూ అటే ఒంగుతుంది. పైగా మెరక మీద వెళ్తాం గనక చేలన్నీ కాళ్ళ కిందే కనబడతాయి.

సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఆదివారం మా బావా నేనూ రాజమండ్రిలో బయల్దేరాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, లంకల మీదుగా అంతర్వేది, అక్కణ్ణించి నది దాటించే పంటు ఎక్కి నరసాపురం, పాలకొల్లు మీదుగా వెనక్కి. ఆదివారమే ఎందుకంటే, శనివారం ఆత్రేయపురం రోడ్డు వాడపల్లి వెంకన్నది. ఏడు శనివారాల మొక్కులవాళ్ళతో ఆ వేళ బండికి కాదు, చీమకి కూడా దారుండదు.

బావది బుల్లెట్ కుటుంబపు క్లాసిక్ 350. నాది యమహా ఎఫ్‌జెడ్, 149 సీసీ. ఈ రెండు బళ్ళ మధ్య మా ఇంట్లో చాలాకాలంగా యుద్ధం నడుస్తోంది.

బండి కొనేముందు నేనూ అందరిలాగే షోరూములన్నీ తిరిగాను. హిమాలయన్ 450 ఎక్కి కూచుంటే కాలి బొటనవేళ్ళు మాత్రం నేలకి తగిలాయి. సీటు 825 మిల్లీమీటర్ల ఎత్తు, బరువు 196 కిలోలు. ఆ బండికి వంక పెట్టడానికేం లేదు, దానికి కావాల్సిన కొండలు మా దగ్గర లేవంతే. హీరో ఎక్స్‌పల్స్ తేలిగ్గానే ఉంది గాని అదీ అంత ఎత్తే. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి ఆ ఎత్తు సిమెంటు రోడ్డు మీద బాధ కాదు. గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరొచ్చి, అంచుకి జరిగి, ఒక కాలు కిందపెట్టి నిలబడాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఆ పక్కన నేల రోడ్డు కంటే జానెడు దిగువన ఉంటుంది, దాని పక్కన కాలవ. అందుకే సీసీలు తర్వాత చూద్దామని, రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనే బండి ఏదా అని వెతికాను. ఎఫ్‌జెడ్ సీటు 790, బరువు నూటముప్పై చిల్లర కిలోలు. క్లాసిక్ 195. తేడా ఒక మనిషంత. ఆ మనిషిని ఎక్కడ మోయాలో, ఎక్కడ మోయక్కర్లేదో చూసుకోవడమే బండి ఎంచుకోవడమంటే.

"అది ఆఫీసుకెళ్ళే బండి బావా, షికారు బండి కాదు," అంటాడు మా బావ. ఆయన మాటలోనూ కొంత నిజముంది. బుల్లెట్ శబ్దానికి ఊళ్ళో అరుగు మీద కూచున్న ముసలాయన కూడా తల తిప్పి చూస్తాడు. 1955లో మద్రాసులో తయారీ మొదలైన నాటినుంచి కొబ్బరి, ధాన్యం వ్యాపారులకి ఆ బండంటే హోదా. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉన్న పాత బుల్లెట్లు కోనసీమ లోగిళ్ళలో ఇప్పటికీ కనిపిస్తాయి. నా బండిని చూసి ఎవరూ తల తిప్పరు.

బ్యారేజీ ఎక్కేసరికి మంచు దిగి ఉంది. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం బళ్ళేసుకెళ్ళేది దాని చోట 1980ల మొదట్లో పూర్తిచేసిన బ్యారేజీ మీద. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. మంచులో ఒక తలుపు దాటాకే మరో తలుపు కనబడుతుంది. హెల్మెట్ అద్దం లోపల ఊపిరి, బయట మంచు, రెండూ కలిసి కళ్ళు మూసేస్తాయి. అద్దం ఒక వేలెడు పైకెత్తుకుని వెళ్ళడమే మార్గం. అద్దం లోపల అతికించే పిన్‌లాక్ పొర ఉంటే ఆ బాధ లేదు. హెల్మెట్ కొనేటప్పుడే ఆ సదుపాయం ఉందో లేదో అడగడం మేలు. చలికాలం మా వైపు మంచు తొమ్మిది దాకా వదలదు.

మొదటి రెండు ముక్కలూ దాటి బొబ్బర్లంక దగ్గర ఎడమకి దిగాం. మధ్య డెల్టా కాలవ ఇక్కడే పుడుతుంది. కాలవ పక్కనే లొల్ల లాకుల దాకా పోయే రోడ్డు నాకు మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే ఇష్టం. దాళ్వాకి నీళ్ళు వదిలారేమో, కాలవ నిండుగా ఉంది. మూడో గేరు, నలభై దాటని వేగం. ఇంజిను అరవదు, గునవదు. మలుపు వచ్చినప్పుడు యాక్సిలేటర్ కాస్త వదిలితే చాలు, బ్రేకు అక్కర్లేదు. మలుపు తర్వాత తూము ఉంటుంది. తూము మీద రోడ్డు మూపురంలా లేస్తుంది, దాని అవతల ఏముందో కనబడదు. అవతల గేదెలుండొచ్చు, స్కూలు పిల్లలుండొచ్చు, ధాన్యం ఆరబోతల కాలంలో సగం రోడ్డు వడ్లూ ఉండొచ్చు. వడ్ల మీద ముందు బ్రేకు పట్టినవాడు మళ్ళీ పట్టడు.

ఈసారి వడ్లు లేవు, దమ్ములున్నాయి. చేలో దమ్ము చేసిన ట్రాక్టరు ఇనప చక్రాలతో రోడ్డెక్కితే పోయినంత మేరా ఒండ్రు ముద్దలు రాలుతాయి. ఎండితే దుమ్ము, తడిస్తే సబ్బు. 125 సీసీ దాటిన బళ్ళన్నిటికీ ఏబీఎస్ ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చాక కంగారులో బ్రేకు నొక్కినా ముందు చక్రం బిగుసుకుపోదు. అయినా ఆ బురదని నమ్మకూడదు. బండి నిటారుగా ఉంచి, చేతులు వదులు చేసి, చూపు దూరంగా పెడితే అదే దాటుతుంది. బురదని చూస్తూ పోతే బండి బురదలోకే పోతుంది.

ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకున్నాం. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే లేచివచ్చే రేకు అది, వేలు గట్టిగా తగిలితే పొడి. నా బండి వెనక గట్టి ప్లాస్టిక్ పెట్టె ఉంది. బావ దాన్ని పాలవాడి డబ్బా అంటాడు. ఆయన బండికి అటూ ఇటూ తోలు సంచులు వేలాడతాయి, చూడముచ్చటగా ఉంటాయి. ఎవరి పూతరేకులు వాళ్ళే పెట్టుకున్నాం.

డబ్బులిచ్చేటప్పుడు కొట్టావిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ కోటేంటండి బాబూ, ఉక్కపోయదా?"

న్యాయమైన ప్రశ్న. బైకు జాకెట్టంటే జనం మనసులో ఉండేది సినిమా హీరో తోలుకోటు. మా ఉక్కకి తోలు పనికిరాదు. నాది వలలాంటి మెష్ జాకెట్టు, గాలి లోపలికీ బయటికీ ఆడుతుంది. భుజాలు, మోచేతులు, వీపు దగ్గర దిళ్ళుంటాయి. వాటి మీద సీఈ గుర్తు, లెవెల్ 1 లేదా 2 అని రాసుంటుంది. రెండోది దెబ్బని ఎక్కువ ఆపుతుంది. చాలా జాకెట్లలో వీపు దగ్గర వట్టి స్పాంజి ముక్క పెట్టి అమ్ముతారు. జిప్పు తీసి చూసి, కావాలంటే అసలు దిండు విడిగా కొనుక్కోవాలి. వాన కోసం లోపల తొడుక్కునే పొర ఇస్తారు గాని, దానివల్ల మనం తడవకపోయినా జాకెట్టు మొత్తం తడిసి బరువెక్కుతుంది. పైన వేసుకునే మామూలు రెయిన్‌కోటే మాకు మంచిది. బూట్లు చీలమండ దాటి ఉండాలి. చేతికి గ్లవ్స్ లేకుండా మాత్రం వీధి చివరికి కూడా పోను. పడేటప్పుడు మనిషి ముందు చాపేది అరచేతులే.

హెల్మెట్ మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె చూసుకోవాలి. ఆ గుర్తు లేనివి అమ్మకూడదని 2021 జూన్ నుంచి చట్టం. అయినా రోడ్డు పక్క తాడుకి వేలాడేసినవి ఇంకా కనబడుతూనే ఉంటాయి. తల దూర్చాక బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి, తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ కూడా తిరగాలి. కొట్టువాడు "వాడగా వాడగా వదులవుద్దండి" అంటాడు, అది నిజమే. ముందే వదులుగా ఉన్నది మాత్రం బిగుతవ్వదు. అద్దం నల్లది వద్దు. పొద్దుగూకాక కాలవగట్ల మీద పురుగులు ముసురుకుంటాయి, అద్దం దించకుండా వెళ్ళలేం, నల్లద్దం దించితే దారి కనబడదు.

ఇవన్నీ ఆవిడతో చెప్పలేదు. "పడితే పనికొస్తదండి," అన్నాను.

"ఆయ్, పడకండే," అంది.

రావులపాలెంలో అరటి గెలల సైకిళ్ళ మధ్య నుంచి దూరి కొత్తపేట రోడ్డు పట్టాం. ఒక్కో సైకిలూ రోడ్డుని సగం ఆక్రమిస్తుంది, హారను కొట్టి లాభం లేదు, అతనికి జరగడానికి చోటుండదు. ఈ రోడ్ల అసలు రాజు సైకిలూ కాదు, బుల్లెట్టూ కాదు, టీవీఎస్ ఎక్స్ఎల్. 99.7 సీసీ ఇంజిను, ముందు గడ్డిమోపు, వెనక కొబ్బరికాయల బస్తా, బస్తా మీద ఓ కుర్రాడు. షోరూములో దాని గొప్పలు ఎవరూ చెప్పరు. చెప్పాల్సింది దాని గురించే.

పి. గన్నవరంలో వైనతేయ పాయ మీద అక్విడక్టు దగ్గర ఆగాం. కింద నది, పైన కాలవ. గోదావరి మీదుగా గోదావరినే దాటించి అవతలి లంకకి నీళ్ళివ్వడం. పాతది కాటన్ కాలపు వంపుల కట్టడం, పక్కన కొత్తది. కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇక్కడికి దగ్గర్లోని లంకల గన్నవరంలోనే ఆవిడ వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టింది. ఇంజనీర్ల పేర్లు, మంత్రుల పేర్లు ఉండే చోట వంటింటి మనిషి పేరు ఉండటం నాకు నచ్చుతుంది. బావకి టీ నచ్చింది.

రాజోలు దాటాక కొబ్బరితోటలు రోడ్డు మీదికి వాలతాయి. ఒకట్రెండు చోట్ల కోడిపందేల బరుల టెంట్లు ఇంకా విప్పలేదు. ఎండా నీడా ముక్కలు ముక్కలుగా పడి గోతులు కనబడవు. ఇక్కడ కూడా వేగం అదే నలభై. 350 సీసీలున్నా, 149 ఉన్నా, ఎక్స్ఎల్ వెనకే వెళ్తాం.

అంతర్వేది తీర్థం దగ్గరపడుతోంది, కొట్లు కడుతున్నారు. స్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్ళాం. ఇసకలో సైడు స్టాండు దిగబడుతుంది. అటుగా వెళ్తున్న ఒకాయన ఎండిన కొబ్బరి మట్ట ముక్క తెచ్చి బావ బండి స్టాండు కింద తోశాడు. "బరువు బండండి, ఇది లేకపోతే నిలబడదు." స్టాండు కింద పెట్టడానికని అమ్మే ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి నా దగ్గరుంది. బయటికి తియ్యలేదు.

అసలు పరీక్ష సఖినేటిపల్లి రేవులో. అటు నరసాపురం, మధ్యలో వశిష్ఠ. పంటు లేకపోతే చించినాడ వంతెన దాకా చుట్టు తిరగాలి. సముద్రం దగ్గర గనక రేవులో నీళ్ళు పోటుకి పెరుగుతాయి, పాటుకి దిగుతాయి. మేం వెళ్ళింది పాటు వేళ. ఒడ్డు పైన, పంటు కింద, మధ్యలో ఏటవాలు బల్లలు, వాటి మీద చెమ్మ. ఎఫ్‌జెడ్ మొదటి గేరులో, రెండు కాళ్ళూ అటూ ఇటూ ఆనించుకుంటూ దిగిపోయింది. బావ బల్ల అంచున ఆగాడు. అక్కడ ఆగకూడదు. 195 కిలోలు, ఆపైన బావ, ఆపైన తోలు సంచులు. "ఆపకండి, వచ్చెయ్యండాయ్!" అని పంటు కుర్రాడు అరిచి, ఎదురెళ్ళి హ్యాండిలు పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు వెనక పట్టారు. బండి దిగింది. "సైడు స్టాండేసి గేర్లో ఉంచండి, గాలుంది," అన్నాడు కుర్రాడు. బావ నది దాటేదాకా సీటు మీంచి చెయ్యి తియ్యలేదు.

పాలకొల్లులో క్షీరారామం గోపురం కింద కాసేపు ఆగాం. పంచారామాల్లో నాలుగు ఈ గోదావరి ప్రాంతంలోనే ఉన్నాయి, అయిదోది అమరావతి. కార్తీకంలో ఆర్టీసీ బస్సుల పక్కనే బైకుల గుంపులూ ఆ యాత్ర చేస్తాయి. మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం దగ్గర హైవే ఎక్కాం. అక్కణ్ణించి కథ తిరగబడింది. క్లాసిక్ ఎనభై మీద నిమ్మళంగా సాగిపోయింది. నా బండి ఎనభైకి చేతులు తిమ్మిరెక్కించింది, లారీ దాటినప్పుడల్లా గాలి పక్కకి తోసింది. జొన్నాడ వంతెన దాకా బావ వెనక్కి తిరిగి చూడనే లేదు. కడియపులంక నర్సరీల దగ్గర ఆగి, చెరుకురసం తాగుతూ నాకోసం ఎదురుచూశాడు.

మర్నాడు పొద్దున్నే మంచినీళ్ళతో బండి కడిగాను. సముద్రపు గాలి తగిలిన చైను ఒక్క రాత్రికే ఎర్రబడుతుంది. కిరసనాయిలుతో తుడిచి, ఆరాక నూనె పట్టిస్తుంటే బావ ఫోను.

"నీ పూతరేకులెలా ఉన్నాయి?"

"బానే ఉన్నాయి. నీవి?"

"చెంచాతో తింటున్నాం. సరేగాని, వచ్చే వారం కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరం వెళ్ళాలి, నీ బండి ఇవ్వు. నువ్వు నాది ఉంచుకో. హైవే మీద ఎంత దూరమైనా తిప్పుకో, పంటు మాత్రం ఎక్కించకు."