ఆ నాలుగు పేజీలు



2009లో మన హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనుకున్నదానికన్నా నాలుగు పేజీలు తక్కువగా వచ్చింది. డబ్బులు చాలక తగ్గించారని అందరూ అనుకున్నారు. వార్డెన్ గారు కూడా అలాగే చెప్పి నన్ను కాపాడారు. అసలు కారణం నా కంప్యూటర్. ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు ఆ సంగతి ఒప్పుకోవాలనిపించింది.

2007లో నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పదహారు వేలకు కంప్యూటర్ కొనిపెట్టింది. కొట్టతను విండోస్ ఎక్స్‌పీ, ఆఫీస్, ఫోటోషాప్, తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ అన్నీ ఊరికే ఎక్కించి ఇచ్చాడు. "ఒరిజినల్ కావాలా?" అని అడగనైతే అడిగాడు. ధర వినగానే నాన్న నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. "అందరూ ఇదే వాడతారు. అప్‌డేట్లు మాత్రం ఆపెయ్, లేకపోతే దొంగ కాపీ అని పట్టేస్తుంది" అని జాగ్రత్త చెప్పి పంపాడు.

ఇంట్లో కూర్చుని ఊళ్లో వాళ్లకు దరఖాస్తులు టైపు చేసి పేజీకి పది రూపాయలు తీసుకునేవాణ్ణి. సంఘం కంతు అలాగే కట్టాను. ఒకసారి మన హాస్టల్ సీనియర్, అప్పుడు లా చదువుతున్న అన్న ఇంటికి వచ్చాడు.

"ఏరా, ఇదంతా కొన్నదేనా?"

"ఎక్కడ కొంటాం అన్నా. ఇంట్లో వాడుకునేదానికి ఎవరేమంటారు?"

అన్న నవ్వలేదు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 63బి గురించి చెప్పాడు. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకుండా వాడితే కోర్టు జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. "ఇంట్లో వాడినా తప్పు తప్పే. నువ్వు పేజీకి పది తీసుకుంటున్నావు కాబట్టి ఆ మినహాయింపు కూడా నీకు దొరకదు" అన్నాడు. నేను భయపడ్డాను. అయినా మానలేదు. కంతు ఎవరు కడతారు?

2009లో సంచిక టైపు చేసే పని వార్డెన్ గారు నాకే ఇచ్చారు. పిల్లలు రాసిచ్చినవన్నీ వారం రోజులు కూర్చుని కొట్టాను. పెన్‌డ్రైవ్ తీసుకుని ఒంగోలులో ప్రెస్సుకు వెళితే అక్కడ ఒక్క వాక్యం కూడా చదవడానికి రాలేదు. ఆ రోజుల్లో చాలా తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టుకునేవి. ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. ఆ ఫాంటే అవతల లేకపోతే రాసింది పిచ్చిగీతలు అవుతుంది. కొన్నవాళ్లయితే కంపెనీని అడుగుతారు. నేను ఎవరిని అడగను?

ఫాంట్ తెద్దామని ఇంటికి వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టాను. ప్రెస్సులో తగిలిందో, దారిలో ఆగిన నెట్ సెంటర్‌లో తగిలిందో, దానితోపాటు వైరస్ వచ్చింది. రెండేళ్లుగా అప్‌డేట్ లేని సిస్టమ్, కాలం చెల్లిన యాంటీవైరస్. మర్నాటికి కంప్యూటర్ తెరుచుకోలేదు. కొట్టతను మొత్తం ఫార్మాట్ చేశాడు. వేరే కాపీ నేను పెట్టుకోలేదు. రాతప్రతులు దొరికినవి మళ్లీ కొట్టాను. కొన్ని కాగితాలు టైపు అయిపోయాయి కదా అని అప్పటికే పారేశాను. అవే ఆ నాలుగు పేజీలు.

సంచిక పంచిన రోజు ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు వచ్చి, "అన్నా, నా కవిత ఏ పేజీలో ఉంది?" అని అడిగాడు. మిరపకాయల కోతకు పోయే వాళ్లమ్మ మీద రాశాడు. వాడి దగ్గర ఇంకో కాపీ లేదు. చోటు చాలలేదని అబద్ధం చెప్పాను. చట్టం గురించి విన్నప్పుడు పడని సిగ్గు ఆ రోజు పడ్డాను.

ఆ సంగతి తెలిసి లా చదివే అన్న ఒక ఉబుంటు సీడీ ఇచ్చాడు. అప్పట్లో అడిగినవాళ్లకు ఆ సీడీలను పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు. 2011 వరకూ పంపారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టిన గ్నూ, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రాసిన లినక్స్ కలిసిన సిస్టమ్ అది. ఎవరైనా వాడుకోవచ్చు, పంచవచ్చు, మార్చుకోవచ్చు అని లైసెన్సులోనే రాసి ఉంటుంది. తెలుగును యూనికోడ్‌లో టైపు చేయడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. అందులో ప్రతి తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉంటుంది. ఫాంటు మారినా అక్షరం మారదు.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. నా పాత ప్రింటర్ లినక్స్‌లో పనిచేయలేదు. కొన్ని దరఖాస్తుల వెబ్‌సైట్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకునేవి కావు. ఆఫీస్‌లో చేసిన పట్టికలు ఇక్కడ పక్కకు జరిగేవి. రెండు నెలలు తిట్టుకుంటూ వాడాను, తర్వాత అలవాటైంది. ఉద్యోగం వచ్చాక విండోస్ అవసరమైనప్పుడు డబ్బు పెట్టి కొన్నాను.

ఇప్పుడు మీ ముందు అదే ప్రశ్న ఉంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న కంపెనీ మద్దతు ఆగింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ఆగింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, చాలా పాత కంప్యూటర్లలో అది లేదు. క్రాక్ చేసి ఎక్కిస్తామనే కొట్లు ఇప్పుడూ ఉన్నాయి. ఆ పని చేయించుకునే ముందు లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రే ఆఫీస్ చాలు. ప్రెస్సుకు ఇచ్చేది పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ఏదైనా రెండు చోట్ల దాచుకోండి.

మనం హాస్టల్‌లో తిన్న అన్నానికి డబ్బు కట్టలేదు. కానీ అది దొంగ అన్నం కాదు, మన హక్కుగా వచ్చింది. అందుకే తలెత్తుకుని తిన్నాం. ఉచితంగా వచ్చినదానికి, ఎత్తుకొచ్చినదానికి తేడా మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఆ ఎనిమిదో తరగతి తమ్ముడు ఎక్కడున్నా ఇది చదివితే, వాళ్లమ్మ మీద మళ్లీ ఒకసారి రాసి పంపమని వేడుకుంటున్నాను. ఈసారి నేనే టైపు చేస్తాను.

— ఒక పూర్వ విద్యార్థి