సాలూరులో నిరీక్షణ దినములు

2019 జూలై మాసములో మేము దంపతులము విజయనగరము నుండి మా ఊరికి తిరిగి వచ్చుచు సాలూరులో బస్సు దిగాము. గజపతినగరం, రామభద్రపురం దాటేసరికి ఎదురుగా కొండలు నల్లని మబ్బులతో కనిపించాయి. వేగవతి నది ఒడ్డున ఉన్న ఈ పట్టణము లారీలకు పేరు పొందినది. మేము దిగినది మాత్రము గర్భిణుల వసతి గృహము చూచుటకు. కొండ గ్రామముల స్త్రీలు ముందుగానే వచ్చి, కాన్పు వరకు ఉండుటకు 2018లో దానిని ప్రారంభించారు.

రోడ్డు లేని గ్రామములో నొప్పులు మొదలైతే డోలీయే దిక్కు. కర్రకు గుడ్డ కట్టి, గర్భిణిని అందులో కూర్చుండబెట్టి, భుజాలపై మోస్తూ కొండ దిగాలి. వాగు పొంగితే ఆ దారియు లేదు. 108 వాహనము కొండ క్రిందనే ఆగిపోతుంది.

మా సంఘపు సహోదరి ఒకామె అక్కడ ఉన్నది. డాక్టరుగారు చెప్పిన తేదీ దాటి నాలుగు దినములైనది. మమ్ములను చూడగానే కన్నీళ్లు పెట్టుకొన్నది.

"అయ్యగారూ, నన్ను ఇంటికి తీసుకుపోండి. పెద్దపిల్ల అన్నం తిన్నదో లేదో! మేకలను ఎవరు చూస్తారు? అందరూ ఇంకా కాలేదా, ఇంకా కాలేదా అంటున్నారు."

మేము తల వంచుకొన్నాము. ఆ మాట ఫోనులో మేమును రెండుసార్లు అడిగియున్నాము.

నర్సమ్మ ఆమె ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా చెప్పినది. చివరి ముట్టు మొదటి దినము నుండి 280 దినములు లెక్కించి వేసిన అంచనాయే ఆ తేదీ. సరిగా ఆ దినముననే పుట్టే బిడ్డలు కొద్దిమందే. 41 వారములు దాటితే నొప్పులు తెప్పించుటను గూర్చి డాక్టరుగారు ఆలోచిస్తారు. ఈలోగా నొప్పులు క్రమముగా వచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తము కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా అర్ధరాత్రియైనను వెంటనే చెప్పవలెను.

మేము ఆమెను తీసుకొని రాలేదు. మరునాడు ఆమె గ్రామమునకు కొండ ఎక్కి వెళ్లాము. ఒక ఇంటివారు పెద్దపిల్లను తమ పిల్లలతో కూర్చుండబెట్టి అన్నము పెట్టారు. మరొకరు మేకలను తమ మందలో కలుపుకొన్నారు. ఆ కబురు విన్న రాత్రి ఆమె కంటినిండా నిద్రపోయినదట. మూడవ దినమున ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టినది.

ప్రియ చదువరులారా, మీ ఇంట నెలలు నిండిన తల్లి ఉన్నదా? "ఇంకా కాలేదా" అని అడుగకండి. ఆమె చేతిలోని పని ఒకటి మీరు అందుకొనండి.