కాలు తీసినప్పటి సంగతి

సూపర్‌ఛార్జర్ షౌక్ ఉన్న నౌజవాన్లు మొదట అడిగేది బూస్ట్ ఎంత, తాకత్ ఎంత పెరుగుతుంది అనే. బైపాస్ వాల్వ్ మాట చివర్న వస్తుంది, అదీ పైసలు బచత్ చేసుకోవడానికి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పదకొండేళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను. "తక్కువ బూస్టే కదా, వాల్వ్ ఎందుకు?" అన్న సవాల్ చాలాసార్లు విన్నాను. ఈసారి మాత్రం అది మా ఇంట్లోంచే వచ్చింది.

మా ఆపా కొడుకు స్క్రాప్‌లో మినీ కూపర్ ఎస్‌కి వచ్చే ఈటన్ ఎం45 బ్లోయర్ కొన్నాడు. దాంతో వాల్వ్ రాలేదు. తన చిన్న పెట్రోలు కారుకి దాన్ని బిగించాలని జిద్దు. "ఐదు పీఎస్ఐ మామూ, అంతకన్నా పెంచను," అన్నాడు. ఆ కార్లోనే రోజూ దుబాయ్‌కి డ్యూటీకి పోతాడు, ఆ కార్లోనే బీవీని, ఏడాది పాపను తిప్పుతాడు. ఇంకో బండి లేదు. అందుకే కూర్చోబెట్టి హిసాబ్ మొత్తం చెప్పాను.

ఎం45 ఒక్క చుట్టు తిరిగితే 45 ఘనపు అంగుళాల గాలిని తోస్తుంది. అంటే ముప్పావు లీటరుకు కాస్త తక్కువ. దాన్ని తిప్పేది ఇంజన్ బెల్టు. సిగ్నల్ దగ్గర ఆగినా, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసినా, ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది. దానికి ఆరామ్ లేదు. కాబట్టి ముందు చూడాల్సింది త్రాటిల్ ఎక్కడుందని.

త్రాటిల్ బ్లోయర్ తర్వాత ఉంటే బహస్ అక్కర్లేదు. కాలు తీయగానే త్రాటిల్ మూసుకుంటుంది, బ్లోయర్ గాలిని తోస్తూనే ఉంటుంది, ఆ గాలికి రాస్తా ఉండదు. ఐదు పీఎస్ఐ అనేది ఇంజన్ గాలి మింగుతున్నప్పటి లెక్క. తలుపు మూశాక ప్రెషర్ ఐదు దగ్గర ఆగదు. హోస్ పైపు ఊడుతుంది, లేదా బెల్టు జారుతుంది. ఇక్కడ వాల్వ్ లాజిమీ.

మినీలో లాగా త్రాటిల్ బ్లోయర్ కన్నా ముందుంటే, మూసినప్పుడు బ్లోయర్‌కి గాలే సరిగా అందదు. ప్రెషర్ ఎగదన్నే ఖత్రా లేదు. వాల్వ్ లేకున్నా బండి నడుస్తుంది. పాత కార్బురేటర్ కిట్లు కొన్ని అలాగే నడిచాయి కూడా. కానీ వాటిలో పెట్రోలు బ్లోయర్ గుండా పోతూ ఆవిరై దాన్ని చల్లబరిచేది. ఇంజక్షన్ బండిలో పెట్రోలు సిలిండర్ దగ్గర పడుతుంది. బ్లోయర్‌కి దక్కేది పొడి గాలి. ఆ పల్చటి గాలినే అది ఊరికే చిలుకుతుంది. ఆ మెహనత్ అంతా వేడి అవుతుంది, ఆ ఖర్చు పెట్రోల్లో పడుతుంది.

బైపాస్ వాల్వ్ చేసే పని సాదాసీదాదే. కాలు తీసినప్పుడు మ్యానిఫోల్డ్‌లో పుట్టే వాక్యూమ్ దాన్ని తెరుస్తుంది. బ్లోయర్‌కి అటూ ఇటూ ప్రెషర్ సమానమవుతుంది, రోటర్లు దాదాపు బరువు లేకుండా తిరుగుతాయి. కాలు నొక్కగానే వాక్యూమ్ పోతుంది, స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది, బూస్ట్ వస్తుంది.

ఐదు పీఎస్ఐ చిన్నదే అయినా, 35 డిగ్రీల గాలి ఈ రకం బ్లోయర్ దాటేసరికి దాదాపు 80 డిగ్రీలవుతుంది. ఇక్కడి ఎండాకాలంలో గాలే 45 డిగ్రీలు. అల్ ఇత్తిహాద్ రోడ్డు జామ్‌లో గంటసేపు చిలికి చిలికి కాగిపోయిన బ్లోయర్‌తో, సందు దొరికిందని ఒక్కసారి తొక్కితే ఇంజన్‌లోకి పోయే గాలి ఎంత వేడిగా ఉంటుంది? నాకింగ్ మొదలయ్యేది అక్కడే. పిస్టన్లకు నుక్సాన్ అక్కడే.

పెద్ద కంపెనీలు కూడా దీని ఫిక్ర్ చేశాయి. 1921లో మెర్సిడెస్ చూపించిన సూపర్‌ఛార్జర్ కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే బ్లోయర్ కలిసేది. 1986లో టయోటా ఎంఆర్2 సూపర్‌ఛార్జర్ ఇంజన్‌కి కరెంటు క్లచ్ పెట్టి, బైపాస్ వాల్వ్ కూడా పెట్టారు. బ్లోయర్‌కి ఆరామ్ ఇచ్చే తర్కీబ్ ఏదో ఒకటి ఉండాల్సిందే.

భాంజా కాసేపు లెక్కేసుకుని, వచ్చే జీతానికి వాల్వ్ కొన్నాకే పని మొదలుపెడదాం అన్నాడు. పాప కూర్చునే బండి కాబట్టి నేనూ ఖుష్.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ షౌక్ ఉంటే రెండు మాటలు యాద్ పెట్టుకోమనండి. త్రాటిల్ ముందున్న బండిలో వాల్వ్ గొట్టాన్ని త్రాటిల్‌కీ బ్లోయర్‌కీ మధ్యకే తిప్పి కలపాలి. బయటికి వదిలేస్తే వాక్యూమ్ ఉన్నప్పుడు ఫిల్టర్ దాటని దుమ్మును లోపలికి గుంజుకుంటుంది, ఐడిల్ కుదురుగా ఉండదు. ఇక పాత వాల్వ్ అయితే బిగించే ముందు చేతి వాక్యూమ్ పంపుతో గుంజి చూడాలి. లివర్ సాఫీగా కదిలి అక్కడే నిలబడాలి, వదలగానే చప్పున వెనక్కి రావాలి. మధ్యలో ఇరుక్కుంటే బండి నెమ్మదిగా పోయేటప్పుడు కుదుపులిస్తుంది. అలాంటిది సస్తాగా దొరికినా తీసుకోవద్దు.