పేరు లేని పెట్టె

వీడియో గేముల చరిత్రను తరాల లెక్కన చెప్పడం ఆనవాయితీ. మొదటి తరానికి 1972లో అమెరికాలో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ మూలపురుషుడు. రెండో తరానికి 1977 నాటి అటారీ పెద్ద దిక్కు. మూడో తరంలో ప్రధానమైనది 1983 జులై 15న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన నింటెండో వారి ఫామికామ్. ఈ వంశవృక్షం భారతదేశానికి పొసగదు. ఇక్కడి మధ్యతరగతి ఇళ్లలో మొదటి రెండు తరాల జాడ చాలా తక్కువ. మూడోది వచ్చింది. అదీ సొంత పేరుతో కాదు, మారుపేర్లతో. వచ్చాక ఏళ్ల తరబడి కదలకుండా తిష్ఠ వేసింది.

1990లలో పెరిగినవారిని ఆ యంత్రం పేరేమిటని అడిగితే 'వీడియో గేమ్' అంటారు. అంతకు మించి పేరు అక్కర్లేకపోయింది. ఒకరింట్లో డబ్బా మీద ఒక పేరు, పక్కింట్లో మరొకటి. ఢిల్లీ పాలికా బజార్‌లో కొన్నా, చెన్నై బర్మా బజార్‌లో బేరమాడినా, గల్ఫ్ నుంచి వచ్చిన బాబాయి సూట్‌కేసులోంచి బయటపడినా లోపల అదే మారియో, అదే కాంట్రా. ఎందుకంటే అవన్నీ ఫామికామ్‌కు నకళ్లు.

అసలు యంత్రాన్ని రూపొందించింది క్యోటోలో నింటెండో ఇంజినీరు మసాయుకి ఉఎమురా. గేమింగ్ హాళ్లలోని ఆటలను ఇంటి టీవీ మీద ఆడించే చవక యంత్రం కావాలంటూ కంపెనీ అధిపతి హిరోషి యమౌచి 1981లో ఆయనకు పని అప్పగించారు. రెండేళ్లకు అది 14,800 యెన్ల ధరకు బజారుకెక్కింది. అమెరికాలో ఎన్‌ఈఎస్ పేరుతో అమ్మినవి కూడా కలిపితే 6 కోట్లకు పైగా యంత్రాలు అమ్ముడయ్యాయి. ఈ లెక్కలో నకళ్లు లేవు. ఫామికామ్‌లోని ప్రధాన చిప్‌లన్నీ చేసే పనిని ఒకే చిప్‌లోకి కుదించాక నకలు మరీ చవకైంది. మూత విప్పి చూస్తే దాదాపు ఖాళీ పెట్టె, చిన్న పచ్చ పలక, దాని మీద నల్లటి జిగురు బొట్టు. యంత్రమంతా ఆ బొట్టు కిందే ఉండేది. రష్యాలో ఇదే నకలు 1992లో 'డెండీ' పేరుతో వచ్చి ఇంటింటి పేరైంది.

నకలు అచ్చం అసలులా ఉండదు. జపాన్ టీవీలు సెకనుకు 60 సార్లు తెరను గీస్తాయి. భారత్ అనుసరించిన పాల్ పద్ధతిలో ఆ సంఖ్య 50. ఆట వేగం తెర గీసే వేగంతో ముడిపడి ఉంటుంది కనుక, పాల్ టీవీలకు తగ్గట్టు తయారైన నకళ్లలో జపాన్ ఆటలు కాస్త నింపాదిగా నడిచాయి. కోజి కోండో మారియోకు కట్టిన బాణీ కూడా ఆ మేరకు నెమ్మదించింది. ఇక్కడి పిల్లలు కూనిరాగం తీసింది ఆ నెమ్మది బాణీనే.

డబ్బాతో పాటు వచ్చే తుపాకీ మరో వింత. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి మచ్చ మెరుస్తుంది. గొట్టంలోని కాంతి గ్రాహకానికి ఆ తెలుపు కనబడితే బాతు పడ్డట్టు లెక్క. అంటే తుపాకీ కాల్చేదేమీ లేదు, చూసేది మాత్రమే. పిక్చర్ ట్యూబ్ టీవీ వెంటనే బొమ్మ వేస్తుంది కాబట్టే ఈ కిటుకు పనిచేసింది. పలచటి టీవీలు వచ్చాక, వాటి బొమ్మ క్షణంలో చిన్న వంతు ఆలస్యం కావడంతో, ఆ బాతులకు చావు లేకుండా పోయింది.

ఇక క్యాసెట్లు. '9999 ఇన్ 1' అని అట్ట మీద రాసి ఉండేది. లోపల నిజంగా ఉన్నవి కొన్ని ఆటలే. అవే ఆటలను వేర్వేరు దశల నుంచి మొదలుపెట్టి కొత్త అంకె వేసేవారు. పిల్లలు ఈ మోసాన్ని తొందరగానే కనిపెట్టారు, పెద్దగా బాధపడలేదు. వారు కనిపెట్టలేనిది మరొకటుంది. చాలా దొంగ క్యాసెట్లలో మొదటి తెర మీద ఉండాల్సిన కంపెనీ పేరు, సంవత్సరం చెరిపేసి ఉండేవి. మారియో సృష్టికర్త షిగెరు మియామోతో పేరు వినకుండానే లక్షణంగా ఒక బాల్యం గడిచిపోయింది.

నకలు వల్ల నష్టం ఎవరికి అన్న ప్రశ్నకు సులువైన జవాబు నింటెండో. కానీ తన యంత్రాన్ని కొనే స్తోమత లేని ఇళ్లలో ఆ కంపెనీ పోగొట్టుకున్నది తక్కువే. అసలు నష్టం ఆ ఇళ్లదే. సినిమా చూసే పిల్లవాడికి దర్శకుడెవరో తెలుసు, పాట వినేవాడికి పాడిందెవరో తెలుసు. ఆట మాత్రం బెండకాయలా బజారులో దొరికే వస్తువైంది. దాని వెనుక మనుషులున్నారని తెలియనప్పుడు, పెద్దయ్యాక నేనూ ఒకటి తయారు చేస్తానని ఏ పిల్లవాడు అనుకుంటాడు?

ఈ పాపం నకలుదారులది మాత్రమే అనడం కూడా అన్యాయమే. అసలు కంపెనీలూ పేర్లు దాచాయి. అటారీలో పేరు, తగిన ప్రతిఫలం దక్కలేదని నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. అదే అటారీలో వారెన్ రాబినెట్ తన 'అడ్వెంచర్' ఆటలో ఒక రహస్య గది కట్టి, అందులో తన పేరు రాసుకున్నారు. జపాన్ ఆటల్లోనూ ఆ రోజుల్లో మారుపేర్లే ఎక్కువ.

ఇక్కడి పేర్లు తెరకెక్కడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ఆ ఏడు ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారు చేసింది. హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర సంస్థ 'దేశీ అడ్డా' పేరుతో మన వీధి ఆటలను తెరకెక్కించింది. అప్పటికి ప్లేస్టేషన్ 2 పుట్టి తొమ్మిదేళ్లు, దాని తర్వాతి యంత్రం వచ్చి మూడేళ్లు. మిగతా ప్రపంచం ముందుకు పోయినా ఆ పాత యంత్రం ధర ఇక్కడి జేబులకు అందేది. 2020 ఆగస్టులో పుణె సంస్థ నోడింగ్ హెడ్స్ తీసిన 'రాజీ' నింటెండో వారి స్విచ్ మీద విడుదలైంది. ఒకప్పుడు మారుపేరుతో వచ్చిన కంపెనీ యంత్రం మీద ఈసారి భారతీయుల పేర్లు కనిపించాయి.

ఉఎమురా 2021 డిసెంబరులో 78వ ఏట కన్నుమూశారు. చివరి ఏళ్లలో ఆయన క్యోటోలోని రిత్సుమైకాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ గేముల చరిత్రను భద్రపరిచే పనిలో ఉన్నారు. ఇక్కడి కథను భద్రపరిచిందెవరు? గంటకింత అని అద్దె తీసుకుని ఆడించిన దుకాణదారులు, తెగిన వైరును అతికిన మెకానిక్కులు, క్యాసెట్ల వ్యాపారులు ఏ పుస్తకంలోనూ లేరు. వారిలో చాలామంది ఇంకా ఆ బజార్లలోనే సెల్‌ఫోన్లు బాగుచేస్తూ ఉంటారు. అడిగితే చెబుతారు.