బండి ఆగినా ఆగని ప్రెషర్

కోకాపేటలో మా సైటంతా రాయే. సెల్లార్ మూలల్లోకి పెద్ద మెషిన్ దూరదు కాబట్టి బాబ్‌క్యాట్ అనే చిన్న లోడర్ తెప్పించాం. పొద్దున బ్రేకర్‌తో రాయి కొట్టడం, తర్వాత అది విప్పి బకెట్ తగిలించి ముక్కలు ఎత్తడం. ఆపరేటర్ పాలమూరు మనిషి, అందరికీ మామ. కాగితాల మీద సూపర్‌వైజర్‌ని నేనే గానీ బండి దగ్గర మాట మామదే.

బకెట్ తగిలించాక ఇంజన్ ఆపి దిగేవాడు. బకెట్‌ను బిగించే రెండు లివర్లూ పూర్తిగా కిందికి నొక్కి, వంగి చూసేవాడు. అడుగు రంధ్రాల్లోంచి పిన్నుల మొనలు బయటికి కనిపించాలి. కనిపించినా నమ్మేవాడు కాదు. మళ్లీ ఎక్కి బకెట్ మూతిని నేలకేసి అదిమేవాడు. ఊడేదుంటే అక్కడే ఊడాలని.

అసలు తంటా బ్రేకర్ హోసులతో. మే నెలలో ఒక మధ్యాహ్నం హోసు చివరి కప్లర్ ఎంత నెట్టినా ఎక్కలేదు. ఎండలో పడున్న బ్రేకర్ పైపుల్లో ఆయిల్ వేడికి ఉబ్బి బిగదన్నింది. హెల్పర్ కుర్రాడు సుత్తి అందుకున్నాడు.

“ఆగరా! ఇంజన్ బందైతే ప్రెషర్ బందైనట్టా?”

మామ ఇంజన్ ఆపే ఉంచి, తాళం మాత్రం తిప్పి, బ్రేకర్ స్విచ్‌ను అటూ ఇటూ ఆడించాడు. బండి వైపు ప్రెషర్ దిగింది. బ్రేకర్ పైపుల మీద తడి గోనెసంచి కప్పించి, “పోయి చాయ్ తాగి రాండ్రి” అన్నాడు. కాంట్రాక్టర్ నుంచి ఫోన్ మీద ఫోన్. మామ చాయ్ తాగుతూనే ఉన్నాడు. తర్వాత కప్లర్లను శుభ్రమైన గుడ్డతో తుడిచి నెట్టితే టక్కున పడ్డాయి. రింగు కాస్త తిప్పి, లాగి చూసి వదిలాడు.

లీకు అనుమానమొస్తే మామ అట్టముక్క అడ్డం పెట్టేవాడు, చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఎందుకో నాకు తెలుసు. అంతకుముందు ఇంకో సైట్లో లీకైన ఆయిల్ తగిలి ఒక కుర్రాడి వేలి మీద సూది గుచ్చినంత చుక్క పడింది. నొప్పి లేదని పనిలోనే ఉన్నాడు. రాత్రికి చెయ్యంతా వాచింది, ఆపరేషన్ చేసి కోసి శుభ్రం చేశారు. కారు టైర్లో ఉండే ప్రెషర్ 2 బార్ల పైచిలుకు. ఈ హోసుల్లో 200 దాటుతుంది.

చర్మంలోకి ఆయిల్ దూరిందనిపిస్తే నొప్పి కోసం ఎదురు చూడకండి. వెంటనే సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. దూరింది హైడ్రాలిక్ ఆయిల్ అని డాక్టరుకు ముందే చెప్పండి.