పరదేశంలో పాట



ఈ వారం 137వ కీర్తన ధ్యానిస్తుంటే మాకు అమెరికాకు వలస వెళ్లిన పోలండు వారు గుర్తుకు వచ్చారు. వాళ్లు రోమన్ కతోలికులు, వాళ్ల ఆరాధన క్రమం వేరు, మనది వేరు. అయినా వాళ్ల పాటల సంగతి మీతో పంచుకోవాలని ఆశపడ్డాము.

1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి ఆ దేశాన్ని పూర్తిగా పంచేసుకున్నాయి. 1918 వరకు స్వతంత్ర పోలండు లేదు. ఆ మధ్యకాలంలో పేదరికం తాళలేక లక్షలమంది ఓడలెక్కారు. 1854లో టెక్సాసు చేరిన కొన్ని కుటుంబాలు క్రిస్మస్ ముందు రాత్రి ఒక ఓక్ చెట్టు క్రిందనే మొదటి ఆరాధన చేసుకున్నాయని పన్నా మారియా ఊరివారు నేటికీ చెప్పుకుంటారు. గుడి తరువాత వచ్చింది.

షికాగోలో పగలంతా కబేళాల్లో, ఉక్కు మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లే సాయంత్రం పాటల అభ్యాసానికి వచ్చేవారు. గుడిలో ఆర్గన్ వాయించేవాడు వాయించి ఊరుకునేవాడు కాదు, గాయక బృందాన్ని నడిపేవాడు, చాలాచోట్ల బడిలో పిల్లలకూ నేర్పేవాడు. (మన సంఘంలో కీబోర్డు తమ్ముడు ఇది చదివితే బాగుండు!) 1889లో అక్కడి గాయక బృందాలు ఒక సమాఖ్యగా కూడాయి.

1960ల వరకు వాళ్ల బలిపూజ లాటిన్‌లోనే జరిగేది. సొంత భాష పాటల్లో నిలిచింది. క్రిస్మస్‌కు కొలెండాలు, లెంటు ఆదివారాల్లో క్రీస్తు శ్రమలను గూర్చిన విలాప గీతాలు. ఆ విలాప క్రమం 1707లో వార్సాలో పుట్టింది. మరొక ప్రార్థన గీతం కథ వింతగా ఉంటుంది. 1816లో దానిని రష్యా చక్రవర్తి గౌరవార్థం రాశారు. తరువాత జనం పల్లవి మార్చి, మా దేశం మాకు తిరిగి ఇమ్మని దేవునికే మొరపెట్టారు. రష్యా ప్రభుత్వం దానిని నిషేధించింది. సముద్రం ఇవతల ఆపేవారెవరు? గొంతెత్తి పాడారు.

అయితే మనవల కాలానికి ఇంట్లో ఇంగ్లీషు వచ్చేసింది. మాటలు పోయాయి, కొలెండాలు మాత్రం కొందరి నోట నిలిచాయి. అర్థం తెలియకుండానే తాతమ్మ రాగంలో పాడేవారు ఉన్నారు.

మొన్న మన సంఘపు పెద్దమ్మ ఒకరు హైదరాబాదులో కొడుకు ఇంటి నుండి ఫోను చేశారు. మనవడు కీర్తనను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని పాడుతున్నాడట. “తప్పా అయ్యగారూ?” అని అడిగారు. తప్పు కాదమ్మా, పాడనివ్వండి అన్నాము. ఫోను పెట్టేశాక మేమిద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.